ఓలాండ్ దీవుల శాసనసభలో ఒక చట్టం నడిచే దారిని గమనించడం ఎలా?

ఫిన్లాండ్, స్వీడన్‌ల నడుమ సముద్రంలో ఉన్న ఓలాండ్ దీవులు ఫిన్లాండ్‌లో భాగమే అయినా, అక్కడి ప్రజల భాష స్వీడిష్. 1920లో ఫిన్లాండ్ పార్లమెంటు చేసిన స్వపరిపాలన చట్టాన్ని దీవుల వారు మొదట అంగీకరించలేదు. 1921లో నానాజాతి సమితి దీవులు ఫిన్లాండ్‌కే చెందుతాయని నిర్ణయిస్తూ, వారి భాషకూ భూమికీ మరింత రక్షణ కల్పించాలని షరతు పెట్టింది. ఆ మరుసటి ఏడాది జూన్ 9న దీవుల రాజధాని మారియేహామ్‌లో వారి శాసనసభ తొలిసారి సమావేశమైంది. దాని పేరు లాగ్‌టింగ్.

ఈ సభకు వచ్చిన ఏ బిల్లునైనా అర్థం చేసుకోవాలంటే ముందుగా అది ఎవరి అధికార పరిధిలోని విషయమో తేల్చుకోవాలి. ఇందుకు 1993 నుంచి అమలులో ఉన్న స్వపరిపాలన చట్టంలోని 18, 27 సెక్షన్లను పక్కపక్కన పెట్టుకుని చదవండి. విద్య, సంస్కృతి, ఆరోగ్య సేవలు, మునిసిపల్ పాలన, తపాలా, పోలీసు వ్యవస్థలో అధిక భాగం మొదటి దానిలో, అంటే లాగ్‌టింగ్ పరిధిలో ఉంటాయి. విదేశీ వ్యవహారాలు, న్యాయస్థానాలు, కస్టమ్స్ సుంకాలు, రాజ్య పన్నులు రెండవ దానిలోకి, అంటే ఫిన్లాండ్ పరిధిలోకి వస్తాయి. లాగ్‌టింగ్‌కు అప్పగించిన రంగాలలో ఫిన్లాండ్ పార్లమెంటు దీవులకు వర్తించే చట్టం చేయజాలదు. ఈ ఒక్క విషయం మనసులో నిలుపుకోకపోతే తర్వాతి దశలేవీ సరిగా బోధపడవు.

ఆ తర్వాత సభ్యులను చూడండి. మొత్తం 30 మంది. నాలుగేళ్లకోసారి, అక్టోబరులో, దామాషా పద్ధతిలో ఎన్నికవుతారు. లాగ్‌టింగ్ ఎన్నికలలో ఓటు వేయడానికైనా, పోటీ చేయడానికైనా ఓలాండ్ స్థానికత హక్కు తప్పనిసరి. తల్లిదండ్రులలో ఒకరికి ఆ హక్కు ఉంటే బిడ్డకు పుట్టుకతో వస్తుంది. బయటి నుంచి వచ్చిన ఫిన్లాండ్ పౌరులు అక్కడ ఐదేళ్లు నివసించి, తగినంత స్వీడిష్ పరిజ్ఞానం చూపితే దరఖాస్తు చేసుకోవచ్చు. భూమి కొనడమూ ఈ హక్కుతోనే ముడిపడి ఉంది. చిన్న సమాజం తన నేలనూ భాషనూ నిలుపుకోవడానికి ఈ నిబంధన ఎంతో అవసరమని నా అభిప్రాయం.

బిల్లును ప్రాంతీయ ప్రభుత్వం గానీ, సభ్యులు గానీ ప్రవేశపెడతారు. స్థాయీ సంఘం దానిని పరిశీలించి నివేదిక ఇస్తుంది. ఆ నివేదికపై సభ చర్చించి ఓటు వేస్తుంది. ప్రాంతీయ ప్రభుత్వానికి సభ విశ్వాసం ఉండాలి కనుక, ప్రభుత్వం తెచ్చిన బిల్లుపై ఓటింగ్ సరళిని గమనిస్తే సభలోని బలాబలాలు కూడా తెలుస్తాయి.

జాగ్రత్తగా గమనించవలసిన దశ సభ ఆమోదం తర్వాతిది. ఆమోదించిన చట్టం ఫిన్లాండ్ న్యాయ మంత్రిత్వ శాఖకూ, ఇరు పక్షాల ప్రతినిధులూ ఉండే ఓలాండ్ డెలిగేషన్ అనే సంఘానికీ చేరుతుంది. ఈ డెలిగేషన్‌కు అధ్యక్షత వహించేది సాధారణంగా దీవులలో ఫిన్లాండ్ ప్రతినిధి అయిన గవర్నరు. మిగిలిన నలుగురిలో ఇద్దరిని ఫిన్లాండ్ ప్రభుత్వం, ఇద్దరిని లాగ్‌టింగ్ ఎంచుకుంటాయి. డెలిగేషన్ అభిప్రాయం వెలువడ్డాక అవసరమైతే సుప్రీంకోర్టు అభిప్రాయం కోరతారు. ఆపైన ఫిన్లాండ్ అధ్యక్షుడు చట్టాన్ని పూర్తిగా గానీ, కొంత మేరకు గానీ రద్దు చేయవచ్చు. అయితే చట్టం విధానం నచ్చలేదన్న కారణం అందుకు చాలదు. లాగ్‌టింగ్ తన పరిధి దాటి ఉండాలి, లేదా విషయం దేశ ఆంతరంగిక, బాహ్య భద్రతకు సంబంధించినదై ఉండాలి. నిర్ణయానికి గడువు మంత్రిత్వ శాఖకు చట్టం అందిన నాటి నుంచి నాలుగు నెలలు. కాబట్టి ఏదైనా చట్టం రద్దయిందని విన్నప్పుడు వెంటనే రాజకీయ కలహంగా భావించకుండా, అది 18, 27 సెక్షన్ల మధ్య ఏ గీత దగ్గర చిక్కుకుందో వెతకండి.

అంతర్జాతీయ ఒప్పందాలకు మరో దారి ఉంది. ఓలాండ్ పరిధిలోని అంశాలను తాకే ఒప్పందంలోని నిబంధనలు దీవులలో అమలు కావాలంటే లాగ్‌టింగ్ సమ్మతి కావాలి. 1995లో ఫిన్లాండ్ యూరోపియన్ యూనియన్‌లో చేరినప్పుడు కూడా ఓలాండ్ విడిగా తన సమ్మతి తెలిపింది. స్వపరిపాలన చట్టాన్నే సవరించాలంటే ఫిన్లాండ్ పార్లమెంటు రాజ్యాంగ సవరణకు పాటించే పద్ధతిలోనూ, లాగ్‌టింగ్ పోలైన ఓట్లలో కనీసం మూడింట రెండు వంతులతోనూ ఒకే నిర్ణయానికి రావాలి.