కుందేలు తిండి దగ్గరికి వచ్చి కూడా తినట్లేదా? దవడ పళ్ళు చూపించండి

సమస్య

కుందేలు గిన్నె దగ్గరికి ఆశగా వస్తుంది. క్యారెట్ ముక్క అందుకుని రెండుసార్లు నమిలి వదిలేస్తుంది. గడ్డం కింద బొచ్చు చొంగతో తడిసి ఉంటుంది. పెంటికలు చిన్నవై, తగ్గిపోతాయి.

మా చిట్టికి ఇలాగే అయితే హైదరాబాద్ మే నెల ఎండలకేమో అనుకుని ఒక రోజంతా కూలర్ ముందు ఉంచాం. ఆకలి లేనిది గిన్నె దగ్గరికి ఎందుకు వస్తుందని ఆలోచించలేదు. ఆ ఒక్క రోజు తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

కారణం

ముందు పళ్ళు బాగానే కనిపిస్తాయి. మనం మోసపోయేది అక్కడే. కుందేలుకున్న 28 పళ్ళలో 22 దవడ పళ్ళే. ముందు పళ్ళు గడ్డి తెంపుతాయి, దాన్ని పిండి చేసేవి ఇవి. నోరు ఇరుకు కాబట్టి మామూలుగా చూస్తే కనబడవు.

ఇవి జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. దవడను తిరగలిలా పక్కలకు తిప్పుతూ గడ్డి నూరుతుంటే పెరిగినంత మేరా అరుగుతాయి. మనం ముద్దుగా పెట్టే బిస్కెట్లకు, పెల్లెట్లకు (కొట్లో దొరికే గుళికల దాణా) అంత నూరుడు అక్కర్లేదు. దాంతో పళ్ళ అంచులు మొనదేలతాయి. కింది పళ్ళ మొనలు నాలుకను, పై పళ్ళవి బుగ్గను కోస్తాయి. డాక్టరు గారు చెవులు చూసే టార్చితో చూపిస్తే, చిట్టి నాలుక అంచున ఎర్రటి గాటు, దానికి ఎదురుగా ముల్లులాంటి పంటి మొన కనిపించాయి.

కొన్నిటికి పుట్టుకతోనే దవడ వంకర ఉంటుంది. వాటికి గడ్డి పెట్టినా ఈ బాధ తప్పదు.

పరిష్కారం

తిండి ఆగితే కుందేలు పేగుల కదలికా ఆగిపోతుంది, ప్రాణం మీదికొస్తుంది. పన్నెండు గంటలు ఏమీ తినకపోతే అది ఎమర్జెన్సీయే. దగ్గర్లోని క్లినిక్‌కో, రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీకో ఫోన్ చేసి, కుందేళ్ళ పళ్ళు చూసే డాక్టరు ఉన్నారా అని ముందే అడగండి. మత్తిచ్చి మొనలు అరగదీస్తారు. కుందేలు వాంతి చేసుకోలేదు కాబట్టి, కుక్కలకు చెప్పినట్టు ముందురోజు రాత్రి పస్తు ఉంచకూడదు. ఇంట్లో నెయిల్ కట్టర్‌తో అసలు ప్రయత్నించకండి, పన్ను నిలువునా చీలుతుంది.

కంట్లో నీరు కారుతున్నా, దవడ కింద గడ్డ తగిలినా వేర్లు దెబ్బతిని ఉండొచ్చు. ఎక్స్‌రే తీయించాలి.

తర్వాత తిండిలో ముప్పావు వంతుకు పైగా గడ్డే ఉండాలి. అపార్ట్‌మెంట్లో గడ్డి ఎక్కడిదంటారా? ఎండుగడ్డి తెప్పించుకోండి. పూజకు అమ్మే గరిక కట్టలు కూడా బాగా కడిగి పెట్టొచ్చు. లూసర్న్ అనే పశుగ్రాసంలో కాల్షియం ఎక్కువ, పెద్ద కుందేళ్ళకు రోజూ వద్దు. మార్పు నెమ్మదిగా చేయండి.

ఒకసారి అరగదీసినా మొనలు మళ్ళీ రావచ్చు. చిట్టికి రెండుసార్లు చేయించాం. ఇప్పుడు ప్రతి ఆదివారం వంటింటి కాటా మీద కూర్చోబెట్టి బరువు రాసుకుంటున్నాం.