పంటినొప్పి రాత్రిపూట మొదలైతే ఏం చేయాలి? డాక్టర్ దగ్గరికి ఎలా వెళ్లాలి?

పగలంతా ఊరుకున్న పిప్పి పన్ను రాత్రి పక్క మీద వాలగానే సలపడం మొదలుపెడుతుంది. పడుకుంటే తలవైపు రక్తం ఎక్కువగా చేరి, పంటి లోపల వాచిన నరం మీద ఒత్తిడి పెరుగుతుంది. అందుకే ముందు రెండు దిండ్లు వేసుకుని తల ఎత్తులో పెట్టుకోండి.

తర్వాత గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పు కలిపి, నొప్పి ఉన్నవైపు కాసేపు పుక్కిట పట్టి ఉమ్మేయండి. సందులో ఇరుక్కున్న మాంసం పీచు బయటికొస్తే కొంత హాయిగా ఉంటుంది. పిన్నీసుతో మాత్రం కెలకొద్దు. బుగ్గ మీద గుడ్డలో చుట్టిన ఐసు పది నిమిషాలు పెట్టుకోవచ్చు. లవంగనూనె ఒక్క చుక్క దూదికి అద్ది పన్ను మీదే ఉంచండి, చిగురుకు ఎక్కువగా తగిలితే మండుతుంది. మాత్ర నలిపి పంటి మీద పెట్టడం చాలా ఇళ్లలో అలవాటు. ఆస్పిరిన్ అలా పెడితే చిగురు కాలి పుండవుతుంది.

పెద్దవాళ్లు పారాసెటమాల్ 500 లేదా 650 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి వేసుకుని, మళ్లీ వేసుకోవాలంటే ఆరు గంటలు ఆగాలి. లివర్ జబ్బు ఉంటే డాక్టర్ని అడిగాకే వేసుకోండి. కడుపులో అల్సర్, కిడ్నీ జబ్బు, ఆస్తమా ఉన్నవాళ్లు, గర్భిణులు ఐబుప్రోఫెన్ అనే మరో నొప్పి మాత్ర జోలికి సొంతంగా పోవద్దు. మెడికల్ షాపులో యాంటీబయోటిక్ అడిగి తెచ్చుకోవద్దు, నరం వాపు దానితో తగ్గదు.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట: రెండు మూడు రోజులకు నొప్పి దానంతటదే పోయినా డాక్టర్ దగ్గరికి వెళ్లడం మానొద్దు. చాలాసార్లు పన్ను బాగుపడి కాదు, లోపలి నరం చచ్చిపోయి నొప్పి ఆగుతుంది. ఆ తర్వాత వేరు చివర చీము పడుతుంది. ముఖం వాచినా, జ్వరమొచ్చినా, నోరు తెరుచుకోకపోయినా అదే రోజు చూపించుకోండి. మింగడం, ఊపిరి కష్టమైతే నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి.

డాక్టర్ దగ్గరికి తినేసి వెళ్లండి, మరోలా చెప్తే తప్ప. బీపీ, షుగర్, గుండె జబ్బు, మందుల ఎలర్జీ, గర్భం ఏది ఉన్నా ముందే చెప్పాలి. రక్తం పలుచబడే మాత్రలు వాడుతుంటే ఆ చీటీ పట్టుకెళ్లండి, సొంతంగా ఆపొద్దు. చల్లనీళ్లు తాగితే జివ్వుమని వెంటనే పోతోందా, చాలాసేపు లాగుతోందా గమనించి చెప్పండి. వెంటనే పోతే తరచుగా ఫిల్లింగ్‌తో సరిపోతుంది. లాగుతుంటే, ఊరికే నొప్పి వస్తుంటే రూట్ కెనాల్ (లోపలి నరం తీసి, శుభ్రం చేసి మూసేయడం) దాకా వెళ్లొచ్చు. ఎక్స్‌రే చూశాక "పన్ను నిలబెట్టే వీలుందా?" అని అడగండి.

ఇంజెక్షన్ అంటే టెన్షన్ ఉంటే దాచుకోవద్దు. ముందు చిగురుకు మొద్దుబార్చే జెల్ రాయమనండి, నొప్పి తెలిస్తే ఎడమ చెయ్యి ఎత్తుతానని మాట్లాడుకోండి. పైపన్ను తీస్తే చూపు పోతుందన్న భయం మన పెద్దవాళ్లలో ఇంకా ఉంది, అందులో నిజం లేదు. ఖర్చు భారమైతే హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోనూ, విజయవాడలోనూ ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఆసుపత్రులు ఉన్నాయి.

పన్ను తీశాక దూదిని అరగంటపైనే గట్టిగా కొరికి పట్టాలి. ఆ రోజంతా ఉమ్మడం, పుక్కిలించడం, స్ట్రాతో తాగడం, సిగరెట్ వద్దు, గడ్డకట్టిన రక్తం ఊడొస్తుంది. ఉప్పునీళ్లు మర్నాటి నుంచే. మూడో రోజుకు నొప్పి తగ్గాల్సింది పోయి చెవిదాకా లాగుతుంటే వెంటనే మళ్లీ వెళ్లండి.