పని ల్యాప్‌టాప్‌కి ఎంత పెట్టొచ్చు? బెంగళూరులో సొంత డబ్బుతో కొనేవాళ్లకు లెక్క

ల్యాప్‌టాప్ కొనేటప్పుడు చాలామంది ముందు ఒక బడ్జెట్ అనుకుని, ఆ డబ్బుకి వచ్చేవాటిలో మంచిది వెతుకుతారు. ఈ వరస తిరగేయాలి. మీ పని ఎక్కడ ఆగుతోందో ముందు తెలుసుకుంటే కనీసం ఎంత పెట్టాలో, ఎంత దాటితే దండగో రెండూ తేలతాయి. మారతహళ్లి పీజీ గదిలో ఫ్రీలాన్స్ కోడింగ్ చేసే కుర్రాడికీ, ఇందిరానగర్‌లో యూట్యూబ్ చానళ్లకు ఎడిటింగ్ చేసే అమ్మాయికీ ఆ అంకెలు ఒక్కటి కావు.

ఆఫీసు ఇచ్చిన ల్యాప్‌టాప్‌లోనే బయటి పని చేసుకుని ఖర్చు తప్పించుకుందామని మాత్రం అనుకోకండి. అందులో ఏం నడుస్తోందో ఐటీ వాళ్లకి కనిపిస్తుంది. అందులో రాసిన కోడ్ ఎవరిదన్న పేచీ కూడా రావచ్చు.

ముందు పాతదాన్ని కొలవండి

ఒక వారం పాటు ఇప్పుడున్న మెషీన్‌లోనే మామూలు పని చేస్తూ, అది ఇబ్బంది పెట్టిన ప్రతిసారీ టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్ ట్యాబ్ చూడండి. మెమరీ పేజీలో ‘కమిటెడ్’ అని రెండు అంకెలు ఉంటాయి: మొదటిది ప్రోగ్రాములు అడిగి రాయించుకున్న మెమరీ, రెండోది దానికున్న హద్దు. మీకు 16 జీబీ ర్యామ్ ఉండి, మొదటి అంకె 22, 24 దగ్గర ఆడుతుంటే మెషీన్ ఎస్ఎస్‌డీని ర్యామ్‌లా వాడుకుంటూ ఈదుతూ ఉండొచ్చు. అదే అయితే మీ జబ్బు ర్యామ్‌ది. కొత్త ప్రాసెసర్ కొన్నా 16 జీబీతోనే కొంటే ఆ జబ్బు మీ వెంటే వస్తుంది. మ్యాక్‌లో అయితే యాక్టివిటీ మానిటర్‌లో మెమరీ ప్రెషర్ గ్రాఫు పసుపు, ఎరుపు రంగుల్లోకి ఎంతసేపు వెళ్తోందో, స్వాప్ (ర్యామ్ చాలక డిస్కు మీదికి తోసిన భాగం) ఎంత పెరిగిందో చూడండి.

సీపీయూ పేజీలో గ్రాఫు మీద రైట్ క్లిక్ చేసి లాజికల్ ప్రాసెసర్ల వారీగా చూపించమనండి. అన్ని గడులూ నిండిపోతే ఎక్కువ కోర్లు పనికొస్తాయి. ఒకే ఒక్క గడి నిండి మిగతావి ఖాళీగా ఉంటే ఇంకో పది కోర్లకు డబ్బు పోయడం వృథా. గడులన్నీ నిండి ఉండగా వేగం అంకె బేస్ స్పీడ్ కన్నా కిందికి జారుతోంటే, అది వేడి సమస్య. ఫ్యాన్లు శుభ్రం చేయించి థర్మల్ పేస్టు మార్పిస్తే కొత్తది కొనే అవసరమే ఏడాది వాయిదా పడొచ్చు.

ఇంకో కాగితం మీద, చేతులు కట్టుకుని ఎదురుచూసిన నిమిషాలు మాత్రమే రాయండి. రెండర్ పెట్టి భోజనానికి వెళ్తే అది లెక్కలోకి రాదు.

డబ్బు లెక్క

నెలకు 1,20,000 సంపాదించే ఫ్రీలాన్సర్ 160 గంటలు పని చేస్తే గంట విలువ 750 రూపాయలు. కొత్త మెషీన్ రోజుకు 20 నిమిషాలు మిగిల్చిందనుకోండి. ఏడాదికి 240 పని రోజులంటే 80 గంటలు, అంటే 60,000. మిగిలిన ప్రతి నిమిషమూ బిల్లు అయ్యే పనిగా మారదు కాబట్టి సగానికి కోసేయండి: 30,000. మూడేళ్లు వాడితే 90,000.

ఈ 90,000 ల్యాప్‌టాప్ మొత్తం ధర కాదని గుర్తుంచుకోండి. మీ పని ఏ ఆటంకమూ లేకుండా నడిపే అతి చవక మెషీన్ ఒకటి ఉంటుంది. దానికన్నా ఖరీదైనదానికి అదనంగా ఎంత పెట్టొచ్చో చెప్పే గరిష్ఠం ఇది. అందుకే పోలిక ఎప్పుడూ రెండు కొత్త మెషీన్ల మధ్యే పెట్టాలి. లెక్క తప్పేది ఎక్కువగా ఇక్కడే. ఐదేళ్ల నాటి పాతదానితో పోల్చి చూస్తే ప్రతి ఖరీదైన మోడలూ అద్భుతంగానే కనిపిస్తుంది. ఆ లాభంలో ఎక్కువ భాగం మధ్య ధర మోడల్ కూడా ఇస్తుంది. 70 వేల మెషీన్ మీ బిల్డ్‌ని, అంటే కోడ్‌ని నడిచే ప్రోగ్రామ్‌గా మార్చే పనిని, 4 నిమిషాల్లో, లక్షా అరవై వేలది 3 నిమిషాల్లో పూర్తి చేస్తే, మీరు 90 వేలు పెట్టి కొంటున్నది ఆ ఒక్క నిమిషాన్ని. రోజుకు ఐదు బిల్డ్‌లు చేసేవాళ్లకు అది గిట్టదు, ముప్ఫై చేసేవాళ్లకు గిట్టుతుంది.

జీతం మీద ఉన్నవాళ్లకు మిగిలే టైం కంపెనీది, కాబట్టి డబ్బూ కంపెనీయే పెట్టాలి. ఏడాదికి 18 లక్షల ఖర్చున్న ఉద్యోగి గంట 1,920 గంటల లెక్కన దాదాపు 940 రూపాయలు. వారం కొలతలతో కలిపి ఈ లెక్కని మేనేజర్‌కి మెయిల్‌లో పెట్టండి. ‘ల్యాప్‌టాప్ స్లోగా ఉందండీ’ అనే టికెట్ కన్నా ఇది త్వరగా కదులుతుంది.

ఏ పనికి దేనిమీద పెట్టాలి

కోడింగ్‌లో ముందు ర్యామ్. ఆండ్రాయిడ్ స్టూడియో, తెర మీద ఫోన్‌ని అనుకరించే ఎమ్యులేటర్ కలిపి నడపడానికి 16 జీబీ కనీసం. బ్రౌజరు, టీమ్స్ కూడా తెరిచి ఉంటే అది చాలదు. విండోస్‌లో డాకర్ (ప్రోగ్రాములను కంటైనర్లనే విడి పెట్టెల్లో నడిపే సాధనం) వాడేవాళ్లకు ఇంకో చిక్కుంది. దాని వెనకుండే డబ్ల్యూఎస్ఎల్-2, అంటే విండోస్ లోపల లినక్స్‌ని నడిపే భాగం, మామూలు సెట్టింగులో మెషీన్ ర్యామ్‌లో సగం వరకు తీసుకోగలదు. సెట్టింగ్ ఫైలులో హద్దు పెట్టుకోవచ్చు గానీ, అప్పుడు కంటైనర్లు ఇరుకున పడతాయి. ఈ పనికి 32 జీబీ సరైన అంకె. గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు, ఆ డబ్బు స్క్రీన్ మీద పెట్టండి.

వీడియో ఎడిటింగ్‌లో గ్రాఫిక్స్ కార్డు పేరు కన్నా ముందు మీ కెమెరా ఇచ్చే ఫైలు చూడాలి. చాలా మిర్రర్‌లెస్ కెమెరాలు రంగు వివరం ఎక్కువుండే 10-బిట్ 4:2:2 పద్ధతిలో, హెచ్‌ఈవీసీ (హెచ్.265) అనే కుదింపుతో ఫైళ్లు ఇస్తాయి. ఇంటెల్ 11వ తరం నుంచి వచ్చిన అంతర్గత గ్రాఫిక్స్, యాపిల్ ఎం సిరీస్, ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 50 సిరీస్ వీటిని హార్డ్‌వేర్‌లోనే విప్పుతాయి. ఆర్‌టీఎక్స్ 40 సిరీస్ కార్డులు విప్పవు. దాంతో ఏఎండీ ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 4070 ఉన్న ఖరీదైన మెషీన్ మీద టైమ్‌లైన్ తడబడుతుంటే, అంతకన్నా చవకైన ఇంటెల్ మెషీన్ సాఫీగా నడిపేస్తుంది. ఫోన్‌తో తీసిన మామూలు 4కే ఫుటేజీకి ఈ గొడవ లేదు.

ఆటోక్యాడ్, రెవిట్, సాలిడ్‌వర్క్స్‌లో రోజువారీ డ్రాయింగ్ పని ఎక్కువగా ఒక కోర్ మీదే నడుస్తుంది. ఒక కోర్ వేగం బాగున్న మధ్య రకం ప్రాసెసర్ చాలు. 20, 24 కోర్లు రెండరింగ్, సిమ్యులేషన్ చేసేవాళ్లకే.

ఏఐ మోడళ్లను సొంత మెషీన్ మీద నడపాలనుకుంటే చూడాల్సింది గ్రాఫిక్స్ కార్డులోని వీడియో మెమరీ. 800 కోట్ల పారామీటర్ల మోడల్ 4-బిట్‌కి కుదించాక 5 జీబీ దాకా తీసుకుంటుంది. 1,400 కోట్లది 9 జీబీ దాటుతుంది. ల్యాప్‌టాప్ ఆర్‌టీఎక్స్ 4060లోనూ, 4070లోనూ ఉన్నది ఒకే 8 జీబీ. ఈ పనికి 4060 నుంచి 4070కి ఎక్కడం వల్ల పెద్ద మోడల్ పట్టదు. మెట్టు నిజంగా మారేది 12 జీబీ ఉన్న 5070 టీఐ, 16 జీబీ ఉన్న 5080 దగ్గర. అక్కడికి వెళ్లేముందు నెలకు ఎన్ని గంటలు నడుపుతారో రాసుకోండి. పది, పదిహేను గంటలే అయితే క్లౌడ్‌లో గంటల లెక్కన అద్దెకు తీసుకుని, మామూలు ల్యాప్‌టాప్ కొనుక్కోవడం మేలు.

స్పెక్ షీటులో కనపడనివి

ఒకే పేరున్న గ్రాఫిక్స్ కార్డుకి ఎన్ని వాట్లు అందుతాయన్నది మోడల్‌ని బట్టి మారుతుంది. ల్యాప్‌టాప్ 4060ని 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఎక్కడైనా పెట్టడానికి తయారీదారుకి వీలుంది. పల్చటి మెషీన్‌లో ఆ కార్డు సగం బలంతోనే పని చేయొచ్చు. కంపెనీ వెబ్‌సైట్‌లో టీజీపీ అంకె, అంటే కార్డుకి అందే వాట్లు, వెతకండి. ఎక్కడా రాయకపోతే తక్కువే ఉందనుకోండి.

ర్యామ్ రెండు రకాలు: స్లాట్లలో గుచ్చేది, బోర్డుకి అతికించేది. అతికించినది, అంటే ఎల్‌పీడీడీఆర్5ఎక్స్ లాంటిది, తర్వాత పెంచడం కుదరదు. మ్యాక్‌బుక్‌లలో ర్యామ్‌తో పాటు స్టోరేజీ కూడా అంతే. స్లాట్లుంటే ‘ఇప్పుడు 16తో కొని తర్వాత ఇంకో కర్ర (ర్యామ్ స్టిక్) వేసుకుందాం’ అనడం పాత మంచి సలహానే, కానీ 2025 చివర్లో ర్యామ్ ధరలు బాగా పెరిగాక అది ప్రతిసారీ లాభం కాదు. కొనే రోజునే విడి ర్యామ్ ధర అడిగి, 32 జీబీ మోడల్ తేడాతో పోల్చుకోండి. 16 జీబీని ఒకే కర్రగా ఇచ్చే మోడళ్లలో మెమరీ బ్యాండ్‌విడ్త్ సగానికి పడిపోయి అంతర్గత గ్రాఫిక్స్ మందగిస్తాయి. టాస్క్ మేనేజర్‌లో వాడుతున్న స్లాట్లు 2లో 1 అని కనిపిస్తుంది.

స్క్రీన్ ఎన్ని రంగులు చూపగలదో చెప్పే కొలతలు ఎన్‌టీఎస్‌సీ, ఎస్‌ఆర్‌జీబీ. ‘45 శాతం ఎన్‌టీఎస్‌సీ’ అని రాసి ఉంటే రంగులు వెలిసిపోయినట్టుంటాయి. డిజైన్, ఎడిటింగ్ చేసేవాళ్లు దాని జోలికి పోవద్దు. వాళ్లకి 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ కనీసం. వెలుతురు 300 నిట్స్ కన్నా తగ్గొద్దు.

వేడి గురించి ఒక మాట. ప్రాసెసర్లు దాదాపు 95 నుంచి 100 డిగ్రీల దగ్గర తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి. బెంగళూరు గదిలో 26 డిగ్రీల దగ్గర చక్కగా నడిచిన పల్చటి మెషీన్, మే నెలలో విజయవాడ వెళ్లి ఏసీ లేని గదిలో 38 డిగ్రీల్లో పెడితే అదే పనికి నీరసపడుతుంది. ఏటా వేసవిలో ఊరి నుంచి పని చేసేవాళ్లు కాస్త మందంగా, రెండు ఫ్యాన్లున్నది తీసుకోవాలి. ఫ్యానే లేని మ్యాక్‌బుక్ ఎయిర్ రాతకి, కోడింగ్‌కి బాగుంటుంది గానీ గంటల తరబడి రెండర్‌కి కాదు. ఇంకోవైపు బరువు కూడా చూసుకోండి. బలమైన గేమింగ్ ల్యాప్‌టాప్‌కి అడాప్టరే ముప్పావు కిలో ఉండొచ్చు. బీఎంటీసీ బస్సులో నిలబడి ఔటర్ రింగ్ రోడ్డు దాటేవాళ్లకి అది రోజూ భుజానికి తెలుస్తుంది.

ధర పక్కన రాయాల్సినవి

అనుకున్న మొత్తమంతా మెషీన్ మీదే పెట్టేయకండి. పదిలో ఒక వంతు పక్కన పెట్టి మూడేళ్ల ఆన్‌సైట్ వారంటీకి, బ్యాకప్‌కి ఒక ఎక్స్‌టర్నల్ డ్రైవుకి వాడండి. క్లయింటు పని ఆగిన రోజు నష్టం ముందు ఈ ఖర్చు చిన్నది. ఇంటి దగ్గరే పని చేసేవాళ్లు అదే డబ్బుకి డెస్క్‌టాప్, యూపీఎస్ కొనుక్కుంటే ఎక్కువ బలం వస్తుంది. బయటికి తీసుకెళ్లడానికి పాత ల్యాప్‌టాప్ ఉండనే ఉంది.

మీకు జీఎస్టీ నంబరుంటే బిల్లులోని 18 శాతం పన్నుని మీరు కట్టాల్సిన జీఎస్టీలో క్రెడిట్‌గా తగ్గించుకోవచ్చు: 1,18,000 బిల్లులో 18,000. ఇక్కడ మనవాళ్లు ఒకచోట దెబ్బ తింటారు. రిజిస్ట్రేషన్ ఆంధ్రాలోనో తెలంగాణలోనో ఉండి, బెంగళూరు షాపువాళ్లు కర్ణాటక సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ వేసి బిల్లు కొడితే ఆ క్రెడిట్ వాడుకోలేరు. బిల్లు కొట్టకముందే అడగండి, లేదా రిజిస్ట్రేషన్ అడ్రసుకి ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య అమ్మకాలకు వేసే జీఎస్టీ) బిల్లుతో తెప్పించుకోండి. వ్యాపార లెక్కల్లో కంప్యూటర్ మీద తరుగుదల ఏడాదికి 40 శాతం. కొన్న ఆర్థిక సంవత్సరంలో 180 రోజుల కన్నా తక్కువ వాడితే ఆ ఏడాదికి అందులో సగమే. ఏడాదిలో వచ్చిన మొత్తం ఫీజుల్లో సగాన్ని ఆదాయంగా చూపించే పద్ధతిలో ఉన్నవాళ్లకు ఈ తరుగుదల విడిగా దొరకదు. నో కాస్ట్ ఈఎంఐ తీసుకుంటే వడ్డీ భాగం మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు బ్యాంకు వసూలు చేస్తుంది. వాటినీ ధరలో కలపండి.

కౌంటరు దగ్గర

కంప్యూటర్ షాపులుండే ఎస్పీ రోడ్డుకి వెళ్తే మోడల్ పేరు కాకుండా పూర్తి పార్ట్ నంబరు రాసుకెళ్లండి. ఒకే పేరు మీద మూడు రకాల స్క్రీన్లు, రెండు రకాల ర్యామ్‌లు ఉంటాయి. డబ్బు కట్టే ముందు పెట్టె మీది సీరియల్ నంబరుని కంపెనీ వారంటీ పేజీలో కొట్టి చూడండి. వారంటీ నెలల క్రితమే మొదలైపోయి ఉంటే అది ఎవరో వెనక్కి ఇచ్చినదో, డెమోకి పెట్టినదో కావచ్చు.

కంపెనీల నుంచి వచ్చిన సెకండ్ హ్యాండ్ థింక్‌ప్యాడ్, లాటిట్యూడ్‌లు కోడింగ్‌కి మంచి బేరమే. అయితే మీ ఎదుటే విండోస్‌ని పూర్తిగా రీసెట్ చేయించి, ఫోన్ హాట్‌స్పాట్‌తో నెట్ కలిపి సెటప్ మొదలుపెట్టించండి. ఎవరిదో కంపెనీ పేరుతో లాగిన్ అడిగితే వదిలేయండి, అది ఇంకా ఆ కంపెనీ మేనేజ్‌మెంట్‌లోనే ఉంది. బయోస్‌కి పాస్‌వర్డ్ ఉన్నా అంతే. తర్వాత పవర్‌సీఎఫ్‌జీ కమాండ్‌తో బ్యాటరీ రిపోర్టు తీసి, డిజైన్ కెపాసిటీలో ఫుల్ చార్జ్ ఎంత మిగిలిందో చూడండి. 70 శాతం లోపుంటే కొత్త బ్యాటరీ ఖర్చు ధరలోంచి తగ్గించమనండి.

కొత్తదైతే ఇంటికి తెచ్చిన రోజే మీ అసలు ప్రాజెక్టు తెరిచి, అరగంట ఆగకుండా బిల్డ్ గానీ రెండర్ గానీ నడిపి, అడాప్టర్ మీద ఒకసారి, బ్యాటరీ మీద ఒకసారి టైం రాసుకోండి. వాపసు గడువు ముగిసేదాకా పెట్టె, లోపలి ప్యాకింగ్ పారేయకండి.