విదేశంలో తొలిసారి చేపల పులుసు: ముక్క చెదరకుండా ఎలా వండాలి?

కోనసీమ నుంచి పైచదువులకు వెళ్లిన పిల్లలు అన్నం, పప్పు చేతనైన మరునాడే చేపల పులుసుకు పూనుకోవడం, ముక్కలన్నీ చెదిరిపోయిన గిన్నెను వీడియో కాల్‌లో చూపించడం చాలాకాలంగా చూస్తున్నాను. మెల్‌బోర్న్‌లో చదువుకుంటున్న మా అక్క కూతురు నిరుడు, “పిన్నీ, ముక్క ఒక్కటీ కనపడటం లేదు, ముళ్లే చేతికి తగులుతున్నాయి” అని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఉప్పు, కారం, పులుపు అన్నీ కొలత ప్రకారమే వేసింది. చేపను వేసిన సమయం ఒక్కటే తప్పు.

అడుగు మందంగా, వెడల్పుగా, రెండు చెవులతో ఉన్న గిన్నె, దానికి సరిపడే మూత ఉంటే చాలు. కిలో చేపకు పెద్ద నిమ్మకాయంత చింతపండు, 3 ఉల్లిపాయలు, 6 పచ్చిమిరపకాయలు, 3 చెంచాల కారం, చెంచాడు ధనియాల పొడి, అర చెంచా పసుపు, చెంచా జీలకర్ర, పావు చెంచా మెంతులు, కరివేపాకు, ఉప్పు, 6 పెద్ద చెంచాల పప్పునూనె, అంటే నువ్వులనూనె, తీసుకోవాలి. టమాటా వేయకూడదు, అది వేస్తే కూర అవుతుంది గాని పులుసు కాదు.

ఆస్ట్రేలియాలో బర్రముండి పేరుతో అమ్మేది మన పండుగప్పే. బంగ్లాదేశీ దుకాణాల్లో రుయి అంటే శీలావతి, కాత్లా అంటే బొచ్చె. ఇలిష్ మన పులస జాతిదే అయినా, ముళ్లు ఎక్కువ గనుక తొలి ప్రయత్నానికి దాని జోలికి పోవద్దు. తోలు, ముల్లు తీసేసిన పలుచని ముక్కలు పులుసులో నిలబడవు. నడిముల్లుతో సహా అడ్డంగా, రెండు వేళ్ల మందాన కోసిన ముక్కలే కొనండి. గడ్డకట్టిన చేపను ముందు రాత్రే ఫ్రిజ్‌లో కింది అరలోకి మార్చి, కరిగిన నీటిని పూర్తిగా వంచేసి, కాగితంతో అద్ది, ఉప్పు, పసుపు పట్టించి పావుగంట ఉంచాలి.

చింతపండును వేడినీళ్లలో 20 నిమిషాలు నానబెట్టి, పిసికి, వడకట్టి 3 కప్పుల రసం తీయండి. సీసాలో అమ్మే నల్లటి గుజ్జు వద్దు. అది ముందే ఉడికి చిక్కబడినది, కొన్నింటిలో ఉప్పు కూడా కలిసి ఉంటుంది, అందువల్ల ఏ కొలతా నిలవదు. నూనె కాగాక మెంతులు, జీలకర్ర, చీల్చిన పచ్చిమిర్చి, కరివేపాకు వేసి, ముద్దగా నూరిన ఉల్లిపాయను నూనె విడిచేదాకా వేయించి, పొడులు కలపండి.

ఇక్కడి నుంచి తొందర పనికిరాదు. చింతపండు రసం పోసి, ఉప్పు సరిచూసి, చేప వేయకుండా పులుసును ఒంటరిగా మరగనివ్వండి. చేప ముక్క ఉడకడానికి 8 నుంచి 10 నిమిషాలు చాలు. చింతపండు పచ్చివాసన పోయి పులుసు చిక్కబడటానికి అంతకంటే ఎక్కువసేపు పడుతుంది. రెండింటినీ ఒకేసారి పొయ్యి మీద పెట్టినవారికి పులుసు కుదిరే వేళకు ముక్క మిగలదు. గరిటె వెనుక వేలితో గీత గీస్తే ఆ గీత ఒక క్షణం నిలవాలి, అంచుల వెంట నూనె ఎర్రగా తేలాలి. ఈ రెండు గుర్తులూ కనిపించేదాకా చేపను ముట్టుకోవద్దు.

ఆ తరువాత సెగ తగ్గించి, ముక్కలను ఒకదానిమీద ఒకటి పడకుండా, ఒక్కొక్కటిగా చేత్తో పరచాలి. అక్కడి కరెంటు పొయ్యి మన గ్యాస్ పొయ్యి వంటిది కాదు. మీట తిప్పినా దాని పళ్లెం చాలాసేపు కాలుతూనే ఉంటుంది కనుక, పక్క పళ్లేన్ని ముందే సన్నని సెగ మీద ఉంచి, గిన్నెను దాని మీదికి మార్చండి. పులుసు తెర్లకూడదు, అంచున చిన్న బుడగలు మాత్రమే రావాలి.

ముక్కలు పడ్డాక గరిటెను గిన్నె దరిదాపులకు రానివ్వకండి. మసిగుడ్డతో రెండు చెవులూ పట్టుకుని, గిన్నెను కొద్దిగా పైకెత్తి, పులుసు ముక్కల మీదుగా ఒక చుట్టు తిరిగేలా నెమ్మదిగా కదపండి. అమ్మ దాకను ఇలాగే కుదిపేది. ముక్కలు తిరగేయడం ఆమె దగ్గర ఏనాడూ చూడలేదు. అయిదు నిమిషాలకు ఒకసారి, దించేముందు ఒకసారి కదిపితే చాలు. నడిముల్లు దగ్గర మాంసం తెల్లబడి ముల్లు నుంచి విడివడుతుంటే చేప ఉడికినట్లే. వెంటనే వేడి పళ్లెం మీద నుంచి తీసి, కొత్తిమీర చల్లి మూత పెట్టండి.

పులుసును రాత్రి వండి మర్నాడే తినాలి, ముక్కకు ఉప్పు, పులుపు పట్టడానికి ఆ వ్యవధి కావాలి. చల్లారగానే గిన్నెతో సహా ఫ్రిజ్‌లో పెట్టండి. మర్నాడు తినబోయే ముక్కలను మాత్రం అట్లకాడతో అడుగు నుంచి ఎత్తి, కొంత పులుసుతో వేరే గిన్నెలోకి తీసుకుని, సన్నని సెగ మీద పొగలు వచ్చేదాకా వేడిచేయండి.