ఓపెన్ స్కూల్‌లో టెన్త్ కట్టడం ఎలా?

మా వదినది దేవరకొండ దగ్గర పల్లె. ఏడో తరగతితో బడి మానేసింది. 34 ఏళ్లప్పుడు అంగన్‌వాడీ పోస్టుకు టెన్త్ మెమో అడిగితే, "ఈ వయసులో నన్ను ఏ బడిలో చేర్చుకుంటరు?" అని దిగులుపడింది. రోజూ బడికి పోనక్కర్లేదు. తెలంగాణ ఓపెన్ స్కూల్, అంటే టాస్, ఇచ్చే సర్టిఫికెట్ మామూలు ఎస్సెస్సీతో సమానం. 14 ఏళ్లు నిండితే చాలు, పై వయసుకు పరిమితి లేదు.

ముందు కాగితాలు చూసుకోండి. చదువు ఆపిన బడి నుంచి టీసీ గానీ రికార్డు షీటు గానీ తెచ్చుకోవాలి. అసలు బడికే వెళ్లనివాళ్లకు పుట్టిన తేదీ సర్టిఫికెట్ కావాలి. ఆధార్, ఫొటోలు ఎటూ తప్పవు. కుల ధ్రువీకరణ పత్రం ఉంటే ఫీజులో రాయితీ దొరుకుతుంది.

మాకు చిక్కొచ్చింది ఇక్కడే. రికార్డు షీటులో వదిన పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు. పైగా ఆధార్‌లో పుట్టిన తేదీ జనవరి 1 అని ఉంది. అది సరిచేయించడానికే రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలు పోయినా ఫర్వాలేదు, దరఖాస్తుకు ముందే సరిచేయించుకోండి. టెన్త్ మెమోలో పడిన పేరూ తేదీయే రేపు ప్రతి ఉద్యోగంలోనూ చూస్తారు.

తర్వాత మీకు దగ్గర్లోని స్టడీ సెంటర్‌కు వెళ్లండి. ఇవి ఎక్కువగా జిల్లా పరిషత్ హైస్కూళ్లలోనే ఉంటాయి. అక్కడి కోఆర్డినేటర్‌ను కలిసి, నోటిఫికేషన్ పడగానే ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయండి. ఫీజు కట్టిన రశీదు భద్రంగా దాచుకోండి.

సబ్జెక్టులు ఐదు. ఒక భాష తప్పనిసరి, రెండు వరకు తీసుకోవచ్చు. లెక్కలంటే టెన్షన్ పడేవాళ్లకు ఎకనామిక్స్, హోమ్ సైన్స్ లాంటివి ఉన్నాయి. కానీ రేపు పాలిటెక్నిక్ ఆలోచన ఉంటే మాత్రం లెక్కలు, సైన్సు వదలొద్దు.

క్లాసులు ఆదివారాలు, సెలవు రోజుల్లో జరుగుతాయి. వీలైనన్నిటికి వెళ్లండి. అన్నింటికన్నా ముఖ్యం చేత్తో రాయడం. పత్తి ఏరే చేతికి పెన్ను పట్టడం కొత్త. మొదటి వారం వదిన అర పేజీ రాసేసరికే బొటనవేలు పట్టేసేది. రోజూ రాత్రి వంట సామాను సర్దేశాక ఒక్కో పేజీ రాసింది. మూడో నెలకు పెన్ను ఆపకుండా నాలుగు పేజీలు రాయగలిగింది.

పరీక్షలు ఏడాదికి రెండుసార్లు, ఎండాకాలంలో ఒకసారి, దసరా అటూ ఇటూగా ఇంకోసారి. ఎండాకాలం పరీక్షలు యాసంగి వరికోతల మీదే పడతాయి, రెండోవి పత్తి ఏరే రోజుల్లో. అందుకే ఐదూ ఒక్కసారే రాయాలని పట్టుపట్టొద్దు. సబ్జెక్టుకు 35 మార్కులొస్తే పాస్. పాసైంది మళ్లీ రాయక్కర్లేదు, మిగతావి ఐదేళ్లలోపు పూర్తి చేసుకోవచ్చు. రెగ్యులర్ టెన్త్ ఫెయిలైనవాళ్లయితే, అప్పట్లో పాసైన సబ్జెక్టుల్లో రెండింటి మార్కులు ఇక్కడికి మార్పించుకోవచ్చు.

"పైసలియ్యి, పాస్ చేయిస్త" అనేవాళ్లు ప్రతి ఊళ్లో తగులుతారు. ఒక్క రూపాయి ఇవ్వకండి. వదిన దగ్గరికీ వచ్చారు, ఇవ్వలేదు. మొదటిసారి మూడు సబ్జెక్టులు, రెండోసారి రెండు, తనే రాసి పాసైంది. మొన్న అదే సెంటర్‌లో ఇంటర్‌కు ఫీజు కట్టొచ్చింది.