ఏజెన్సీ ఊళ్లో పిల్లల రక్షణ కేసుకు బయలుదేరే ముందు జాగ్రత్తలు

విశాఖలో జీపు ఎక్కేముందే ఆ ఊరు ఏ జిల్లాదో చూసుకోండి. 2022 ఏప్రిల్ నుంచి పాడేరు, అరకు అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్నాయి. ఫైలు ఆ జిల్లా బాలల సంక్షేమ కమిటీకే (రక్షణ కావాల్సిన పిల్లల విషయం తేల్చే కమిటీ) వెళ్లాలి.

ఇంట్లో మాట్లాడేది కువి కావచ్చు, ఆదివాసీ ఒడియా కావచ్చు. ఆ భాష వచ్చినవాళ్లను ముందే మాట్లాడుకోండి. ఫిర్యాదు చేసిన మనిషి బంధువు వద్దు. పిల్లచేతే అమ్మానాన్నల మాటలు చెప్పించుకోవడం అసలే వద్దు.

అన్నిటికన్నా ముఖ్యం: పేదరికాన్ని నిర్లక్ష్యమని రాయకండి. అమ్మ పోడుకు వెళ్తే అక్క చంటివాణ్ణి చంకనేసుకుని చోడి (రాగి) అంబలి తాగిస్తుంది. అది చూసి హడావుడిగా ఫారం నింపేయొద్దు. మామ్మ ఎక్కడుంది, పక్కింట్లో ఎవరున్నారు, రేషన్ అందుతోందా? అడగండి. ఆస్ట్రేలియాలో ఆదివాసీ పిల్లల్ని వాళ్ల మంచికేనంటూ దశాబ్దాలపాటు తల్లుల దగ్గర్నుంచి లాక్కెళ్లారు. ప్రభుత్వం 2008లో పార్లమెంటులో క్షమాపణ చెప్పింది. మన 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం కూడా పిల్లల్ని హోమ్‌లో పెట్టడం చిట్టచివరి మార్గమే.

అలాగని దెబ్బలు, లైంగిక హింస, బాల్యవివాహం కనిపిస్తే ‘వాళ్ల ఆచారం’ అని వదిలేయడం ఘోరం. ఆ పిల్లకూ అందరి పిల్లలకున్న హక్కులే ఉన్నాయి. వెంటనే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చెప్పండి. రక్షణలోకి తీసుకున్న బిడ్డను, ప్రయాణ సమయం కాక, 24 గంటల్లో కమిటీ ముందుంచాలి. ఎక్కడికి, ఎందుకు తీసుకెళ్తున్నారో బిడ్డకు తన భాషలో చెప్పించండి.

ఫొటోలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టొద్దు. పేరు, ఊరు కూడా.