యాప్ స్టోర్ పనితీరును దేశాలవారీగా లెక్క చూసుకునే పద్ధతి

భీమవరంలోనో అమలాపురంలోనో ఉంటూ రొయ్యల ధరలు, కొబ్బరి ధరలు చూపే చిన్న యాప్ తయారుచేసినవారు, తమ వాడుకరులంతా డెల్టాలోనే ఉంటారని అనుకోవడం సహజం. స్టోర్ గణాంకాలు తెరిస్తే మాత్రం భారత్ కింద కువైట్, ఒమన్, ఖతార్, అమెరికా వరుసగా కనిపించవచ్చు. కోనసీమ నుంచి గల్ఫ్‌కు వెళ్లినవారికి ఊళ్లో కొబ్బరితోట ఉంటుంది. అమెరికాలో ఉద్యోగం చేసుకునేవారికి కాళ్ల, ఉండి మండలాల వైపు లీజుకిచ్చిన చెరువు ఉంటుంది. వీరందరి రాకపోకలను కలిపి ఒకే కన్వర్షన్ శాతంగా (స్టోర్‌లో యాప్‌ను చూసినవారిలో ఎంతమంది ఇన్‌స్టాల్ చేసుకున్నారన్న లెక్కగా) చూస్తే ఆ అంకె ఏ ఒక్కరి విషయమూ సరిగా చెప్పదు.

ముందుగా ఆ శాతం దేనిలో ఎంతో తెలుసుకోవాలి. కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ సంఖ్య) చెప్పకుండా రొయ్య ధర చెబితే ఎంత ప్రయోజనమో, హారం చెప్పని శాతానికీ అంతే ప్రయోజనం. యాప్ తయారీదారులు తమ లెక్కలు చూసుకునే గూగుల్ ప్లే కన్సోల్‌లో స్టోర్ పెర్ఫార్మెన్స్ విభాగం చూపే కన్వర్షన్ రేటులో, మీ లిస్టింగ్ పేజీకి (స్టోర్‌లో మీ యాప్ వివరణ, చిత్రాలు కనిపించే పేజీకి) వచ్చినవారు హారం, వారిలో ఇన్‌స్టాల్ చేసుకున్నవారు లవం. అప్పటికే తమ పరికరాల్లో దేనిలోనైనా యాప్ ఉన్నవారిని ఈ సందర్శకుల లెక్కలోకి తీసుకోరు. ఆపిల్‌లో ఇవే లెక్కలు చూపే యాప్ స్టోర్ కనెక్ట్‌లో హారం వేరు. అక్కడ సెర్చ్ ఫలితాల్లోనో మరో చోటనో మీ యాప్ ఒక సెకనుకు మించి కంటబడినా ఇంప్రెషన్‌గా నమోదవుతుంది, మొత్తం డౌన్‌లోడ్‌లను ఆ ఇంప్రెషన్లు పొందిన విడి పరికరాల సంఖ్యతో భాగిస్తారు. పైగా ఆ డౌన్‌లోడ్‌లలో ఒకసారి తీసేసి మళ్లీ దించుకున్నవారూ ఉంటారు. అందువల్ల ప్లేలో 30 శాతం, ఆపిల్‌లో 5 శాతం వస్తే ఐఫోన్ వాడేవారికి యాప్ నచ్చలేదని నిర్ణయించుకోవడం తొందరపాటు. రెండు స్టోర్ల లెక్కలకు రెండు వేర్వేరు షీట్లు పెట్టుకోవడమే క్షేమం.

మొత్తం శాతం ఎలా మోసం చేస్తుందో ఊహించిన అంకెలతో చూద్దాం. ఒక నెలలో భారత్ నుంచి 4,000 మంది పేజీ చూసి 1,200 మంది ఇన్‌స్టాల్ చేసుకున్నారు, అంటే 30 శాతం. కువైట్ నుంచి 500 మంది చూసి 100 మంది చేసుకున్నారు, అంటే 20 శాతం. రెండూ కలిపితే సుమారు 28.9 శాతం. మరుసటి నెల భారత్‌లో 4,000 మందికి 1,240 ఇన్‌స్టాళ్లతో 31 శాతం వచ్చింది. కువైట్‌లో యాప్ పేరు నలుగురి నోటా పడి 3,000 మంది చూడగా 660 మంది చేసుకున్నారు, అది 22 శాతం. రెండు దేశాల్లోనూ రేటు పెరిగినా మొత్తం మాత్రం 27.1 శాతానికి తగ్గుతుంది. తక్కువ రేటున్న దేశం వాటా పెరగడం తప్ప ఇందులో మరో కారణం లేదు. ఈ సంగతి తెలియక, బాగా నడుస్తున్న ఐకాన్‌నూ స్క్రీన్‌షాట్లనూ మార్చేసేవారు చాలామంది ఉంటారు.

నివేదికను దేశాలవారీగా విడగొట్టినప్పుడు అక్కడ కనిపించే దేశం మనిషి నిలబడి ఉన్న చోటు కాకపోవచ్చు. రెండు స్టోర్లలోనూ ఖాతా ఏ దేశానిదన్నదే ముఖ్యం. ప్లేలో ఖాతా దేశాన్ని ఏడాదికి ఒక్కసారే మార్చుకోగలరు. చాలామంది అసలు మార్చుకోరు. రాజోలు నుంచి కువైట్ వెళ్లి ఇక్కడి ఖాతానే వాడుకుంటున్న వ్యక్తి భారత్ వరుసలోనే లెక్కకు రావచ్చు. కనుక గల్ఫ్ వరుసల్లో కనిపించే సంఖ్యను అక్కడి మనవాళ్ల పూర్తి సంఖ్యగా కాక, కనీస సంఖ్యగా చదువుకోవాలి.

ఇక పని ఎలా చేయాలంటే, ప్రతి నెలా ఒకే తేదీన నివేదికను సీఎస్‌వీ (షీట్‌లో తెరుచుకునే పట్టిక ఫైలు) రూపంలో దించుకుని, షీట్‌లో ప్రతి దేశానికీ సందర్శకులు, ఇన్‌స్టాళ్లు, శాతం అనే మూడు గడులు నింపాలి. శాతం ఒక్కటే రాసుకుంటే తర్వాత నెలలను కలిపి చూడటం కుదరదు. పక్కన మరో గడిలో ఆ నెలలో లిస్టింగ్‌లో ఏం మార్చారో, కొత్త వెర్షన్ ఎప్పుడు వదిలారో తేదీతో సహా రాయాలి. రోజువారీ అంకెలు చూసేవారు సమయాన్ని గమనించుకోవాలి: ప్లే కన్సోల్ రోజు అమెరికా పశ్చిమ తీరపు పసిఫిక్ కాలమానంలో నడుస్తుంది కాబట్టి, అక్కడ వేసవిలో గడియారం మార్చడాన్ని బట్టి, మనకు మధ్యాహ్నం 12:30కో 1:30కో మొదలవుతుంది, ఆపిల్ గణాంకాల విభాగమైన యాప్ అనలిటిక్స్ రోజు యూటీసీ (అంతర్జాతీయ ప్రామాణిక కాలం) ప్రకారం మన ఉదయం 5:30కి మొదలవుతుంది. ఉదయం పూట వాట్సాప్ గ్రూపుల్లో ధరలతో పాటు పంపిన లింకు ఫలితం ప్లేలో ముందురోజు ఖాతాలో పడుతుందన్నమాట.

దేశం తర్వాత విడగొట్టాల్సింది సందర్శకులు వచ్చిన దారి. అసలు విషయం తేలేది ఇక్కడే. ప్లేలో సెర్చ్ ద్వారా, స్టోర్‌లో చూస్తూ చూస్తూ, బయటి లింకుల ద్వారా వచ్చినవారిని వేరువేరుగా చూడవచ్చు. వాట్సాప్ లింకు నొక్కి వచ్చిన రైతుకు పక్క చెరువు రైతు ముందే చెప్పి ఉంటాడు, అందుకే అక్కడ రేటు సాధారణంగా ఎక్కువగా ఉంటుంది. సెర్చ్‌లో తగిలి వచ్చినవారిని ఒప్పించాల్సింది మీ పేజీయే. ఒమన్ రేటు భారత్ కన్నా తక్కువగా కనిపిస్తే, సెర్చ్‌ను సెర్చ్‌తోనే పోల్చి చూశాక మాత్రమే పేజీలో లోపముందనాలి. గ్రూపులకు పంపే లింకులకు యూటీఎం గుర్తులు (లింకు ఎక్కడ పంచినదో తెలిపేలా దాని చివర చేర్చే పదాలు) తగిలిస్తే ఏ గ్రూపు నుంచి ఎంతమంది వచ్చారో కూడా తెలుస్తుంది.

చిన్న సంఖ్యల దగ్గర నిగ్రహం అవసరం. 20 మంది సందర్శకుల్లో ఒక్కరు అదనంగా ఇన్‌స్టాల్ చేసుకుంటే రేటు 5 పాయింట్లు ఎగురుతుంది. 30 శాతం దగ్గర, 100 మంది సందర్శకులుంటే అటూఇటూ సుమారు 9 పాయింట్ల తేడా యాదృచ్ఛికంగానే రావచ్చు. 1,000 మంది ఉంటే అది దాదాపు 3 పాయింట్లకు తగ్గుతుంది. చిన్న దేశాలకు మూడు నెలల అంకెలు కలిపి చూడటం, లేదా గల్ఫ్ దేశాలన్నిటినీ ఒక గుంపుగా లెక్కగట్టడం నా సలహా.

తేడా నిజమని తేలాక రేటింగ్ చూడాలి. ప్లే 2021 నవంబరు నుంచి ఫోన్లలో ఒక్కో దేశంవారికి ఆ దేశపు రేటింగునే చూపుతోంది. ఆపిల్‌లోనూ రేటింగులు దేశాలవారీవే. ఇక్కడ మీకు మంచి రేటింగ్ ఉన్నా కువైట్‌లో నలుగురు ఒక్కో నక్షత్రం ఇచ్చి ఉంటే, అక్కడివారికి కనిపించేది అదే. ఆ తర్వాత పేజీ. ప్లేలో తెలుగు లిస్టింగ్ రాసినంత మాత్రాన అందరికీ తెలుగే కనిపించదు, ఫోన్ భాషను బట్టి మారుతుంది. గల్ఫ్‌లో ఇంగ్లిష్‌లో ఫోన్ వాడేవారికి ఇంగ్లిష్ వివరణే వస్తుంది. అందుకే ప్లేలో దేశాన్ని బట్టి పెట్టుకోగల కస్టమ్ లిస్టింగును వాడుకోవాలి. భీమవరం రైతుకు మొదటి స్క్రీన్‌షాట్‌లో 100 కౌంట్ ధర పెద్ద అక్షరాల్లో కనిపించడం సబబు. కువైట్‌లోని కోనసీమవాసికి అంబాజీపేట మార్కెట్ కొబ్బరి ధర ముందు కనిపించాలి. ఒక విడతలో ఒక్క మార్పే చేయాలి, ఆ మార్పును ప్లేలోని లిస్టింగ్ ప్రయోగాల సదుపాయంతో పాత పేజీకి పోటీగా నడిపితే మరీ మంచిది.

సంక్రాంతి వారాన్ని మాత్రం ఇలాంటి ప్రయోగాలకు ఎంచుకోకండి. ఊరొచ్చిన బంధువులు ఒకరి ఫోన్ చూసి ఒకరు ఇన్‌స్టాల్ చేసుకుంటారు, వారి ఖాతాలను బట్టి ఆ ఇన్‌స్టాళ్లు ఖతార్ వరుసలోనూ అమెరికా వరుసలోనూ పడతాయి. జనవరిని డిసెంబరుతో కాక, కిందటి జనవరితో పోల్చాలి.